ఎదపై లింగము, వెన్ను నిటారు



ఇష్టలింగమును మనము ఎదపై ధరింతుము. పూజావేళ దానిని ఎడమ అరచేత నుంచుకొని, వెన్ను నిటారుగా నిలిపి, దృష్టిని దానిపై నిలుపుదుము. గుండె లింగమునకు పీఠము. వెన్నెముక పూజకు ఆధారము. ఈ రెండును చెడినవానికి పూజ యెట్లు సాగును? బసవేశ్వరుడు తన దేహమునే దేవాలయముగను, కాళ్ళనే స్తంభములుగను భావించిన సంగతి మీ రెరిగినదే. రాతిగుడి గోడ పగిలినచో చందాలు పోగుచేసి సున్నము వేయింతుము. ఈ గుడి పగిలినచో మాత్రము దుకాణమునుండి నొప్పి బిళ్ళ యొకటి తెప్పించి, మింగి ఊరకుందుము. ఈ మాట నేను నౌపడలో నేర్చుకొన్నది.

నౌపడ యనగానే రైలుప్రయాణికులకు గుణుపురపు బండి జ్ఞాపకము వచ్చును. 1900 లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నబండి మార్గమది. 2011 లో పెద్దబండి మార్గమైనది. ఆ ఊరివారికి మాత్రము మొదట తోచునది ఉప్పు. సముద్రపు నీటిని మడులకు పెట్టి, ఎండకు ఇగిర్చి, తేలిన ఉప్పును వంగి లాగి, కుప్పవేసి, తట్టల కెత్తి గట్టుపైకి మోయవలెను. అట్టి పనిలో యౌవనమంతయు గడిపిన ఒక భక్తుని యింట ఆ రాత్రి విడిసితిని. తెల్లవారి పూజకు ఆయన గోడ నానుకొని కూర్చుండెను. ఏమని అడిగితిని.

"బిళ్ళ యేసుకోకపోతే నడుం లెగదు స్వామీ. పొద్దుటొకటి, రాత్రొకటి. రెండేళ్ళయింది" అనెను.

ఆ బిళ్ళ ఏదో చూచితిని. డైక్లోఫినాక్. నాకు గుండె ఝల్లుమనెను. ఉద్దానము మూత్రపిండముల వ్యాధితో దశాబ్దములుగా తల్లడిల్లుచున్న సీమ. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలములలో ఈ దుఃఖ మెరుగని వీధి అరుదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేకముగా ఆసుపత్రియే తెరువవలసి వచ్చినది. వ్యాధికి మూలకారణ మింకను నిర్ధారణ కాలేదు. అయితే ఒక్క సంగతి నిశ్చయము: ఇట్టి నొప్పి బిళ్ళలను వైద్యుని సలహా లేక దీర్ఘకాలము మింగినచో మూత్రపిండములు దెబ్బతినవచ్చును, రక్తపుపోటు పెరుగును, గుండెకును ముప్పు కలుగును. నడుము బాగుపడవలెనని మింగినది ఎదకు చేటు తెచ్చును.

మరి నడుమునకు ఉపాయమేమి? మంచము పట్టుట కాదు. సామాన్యమైన నడుమునొప్పి అధికభాగము కొన్ని వారములలో దానంతట తగ్గును. ఓర్చుకొన్నంత మేర కదలుచుండువానికి త్వరగా తగ్గును. కాలు తిమ్మిరెక్కి బలము తప్పినను, మలమూత్రములు వశము తప్పినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

"కాయకము చేయువానికి వేరే వ్యాయామ మెందుకు స్వామీ?" అని ఆయన ప్రశ్న. మంచి ప్రశ్నయే. కాయకము మనకు పరమధర్మము. నులియ చందయ్యగారు గడ్డి కోసి త్రాళ్ళు పేని బ్రతికినవారు. కాని ఏ కాయకమైనను దేహమును ఒకే వైపు వంచును. ఉప్పుమడిలో దినమంతయు ముందుకు వంగుటయే. పలాస జీడిపప్పు కర్మాగారములలో మన అక్కచెల్లెండ్రు గంటలకొలది ఒకే భంగిమలో కూర్చుండి పప్పు ఒలుచుచుందురు. ఆ కూర్చుండుట గుండెకు విశ్రాంతి కాదు, తుప్పు. వంగి పనిచేయువారు అప్పుడప్పుడు నిలిచి, నడుముపై చేతులుంచి వెనుకకు వాలవలెను. కూర్చుండువారు అరగంట కొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. బరువెత్తునప్పుడు నడుము వంచక మోకాళ్ళు వంచి, తట్టను ఎదకు దగ్గరగా పట్టి లేవవలెను. దినమున కర్ధగంట చొప్పున వారమునకు ఐదు దినములు వేగముగా నడచినచో గుండెకు చాలును. వెల్లకిల పరుండి మోకాళ్ళు మడచి తుంటిని మెల్లగా పైకెత్తి దించుట, పదిసార్లు, నడుము కండలకు బలము నిచ్చును. దీనికి ఖర్చేమియు లేదు. బహుశః అందుకే ఎవరును చేయరు.

ఇక ఆహారము. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అక్కరకు మించిన బియ్యము తెచ్చినప్పుడు ఇల్లాలు లక్కమ్మ మందలించి వెనుకకు పంపెనని శరణుల కథ. మన యిండ్లలో ఆ లక్కమ్మ ఏది? పళ్ళెము నిండ తెల్లని అన్నము, ప్రక్కన ఇంత ఆవకాయ, పప్పు మాత్రము నీళ్ళవలె. మాంసము ముట్టని మనకు కండబలము పప్పులనుండియే రావలెను గదా! కంది, పెసర, ఉలవ, శనగలు అన్నముతో పోటీపడవలెను. చోళ్ళ అంబలి త్రాగి పెరిగిన సీమ యిది. దానిని బీదవాని కూడని మానితిమి.

మఠముల పెద్దలకు ఒక విన్నపము. ప్రసాదమును పారవేయరాదను నియమము గొప్పది. అయితే వడ్డించువాడు కుప్పగా వడ్డించినచో భక్తుడు పాపభీతిచే ఆకలికి మించి తినును. దాసోహములో గరిటె చిన్నది కావలెను. అడిగినవానికి మరల వడ్డింపవచ్చును.

ఉప్పు సంగతి ఉప్పు పండించు ఊరిలో చెప్పుట సాహసమే. పెద్దవారికి దినమునకు 5 గ్రాములు, అనగా చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడము, మజ్జిగలో వేసిన చిటికెడు, అన్నియు ఆ చెంచాలోనివే. జీడిపప్పు ఉప్పువేసి వేయించక చిన్న గుప్పెడు తినవచ్చును. కొబ్బరినీరు మంచిదే కాని, మూత్రపిండముల వ్యాధి యున్నవారు అందలి పొటాషియము కారణముగా వైద్యు నడుగక త్రాగరాదు. తక్కువ సోడియము ఉప్పని అమ్మునదియు వారి కట్టిదే. ఈ తీరమున కొందరు స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటబెట్టి త్రాగు అడ్డపొగ నోటికే కాదు, గుండెకును శత్రువు. ఎదలో బరువు, చెమట, ఎడమచేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి కలిగినచో వాయువని సోడా త్రాగి కూర్చుండక 108 కు ఫోను చేయవలెను.

ఆ ఉదయమే ఆయనను వెంటబెట్టుకొని వైద్యునికడకు పోతిని. రక్తపుపోటు ఎక్కువగా నున్నది. రక్తపరీక్షలో క్రియాటినిన్ హద్దు దాటలేదు. దాటుటకు ఎంతో దూరము లేదు. బిళ్ళ మాన్పించిరి. మొదటి పదునైదు దినములు కష్టపడెనట. తరువాతి నెల నేను మరల పోయినప్పుడు ఆయన మడతపెట్టిన గోనెసంచిపై, గోడకు జానెడు ఎడముగా, లింగమును అరచేత నుంచుకొని కూర్చుండియుండెను. ఆయన భార్య వంటయింటినుండి చోళ్ళ అంబలి తెచ్చి నా ముందుంచి, "ఉప్పు తక్కువేశాను స్వామీ, ఏవనుకోకండి" అనెను.