ఇప్పపూవు – దోషమెవరిది?

దోషము వస్తువునందుండునా, దానిని వాడు చేతియందుండునా యను ప్రశ్న ప్రాచీనమైనది. దీనిని విచారించుటకు ఇప్పచెట్టు మంచి సాక్షి. మనము ఇప్ప యనుదానినే ఒడియావారు మహుల యనియు, తమిళులు ఇలుప్పై యనియు, కన్నడిగులు ఇప్పె యనియు అందురు. సంస్కృతమున ఇది మధూకము.

ఫాల్గుణ చైత్రములలో, ఆకులు రాలిన కొమ్మల చివర ఈ పూలు గుత్తులుగా పూయును. రాత్రి విచ్చి తెల్లవారుజామున రాలును. రాలునది కండగల తియ్యని పూరేకుల భాగము మాత్రమే. పిందె కావలసినది కొమ్మననే నిలిచి, పిమ్మట కాయయై, గింజలనుండి నూనె నిచ్చును. కావున పూవు నేరుకొనువారు చెట్టుకు నష్టము చేయువారు కారు. చెట్టు తానై విడిచినదానినే వారు తీసికొందురు. అడవిజాతులవారు ఈ పూలనెండబెట్టి దాచుకొని, గింజలు తరిగిన దినములలో ఉడికించి తిని ప్రాణములు నిలుపుకొనిరి. చెరకు గానుగ లేని ఊరికి ఇలుప్పపూవే చక్కెర యని తమిళుల సామెత. మన ఆముదపుచెట్టు సామెతవలె ఇదియు వెక్కిరింతయే; అయినను పూవు తీపికి అందు సాక్ష్యమున్నది.

ఈ పూవునే పులియబెట్టి కాచిన సారా యగును. 1892లో బొంబాయి ప్రభుత్వము ఈ పూవునకై ప్రత్యేకముగా నొక చట్టము చేసి కట్టుబాట్లు విధించినది. బియ్యమునుండియు, బెల్లమునుండియు మద్యము పుట్టుచునే యున్నది గదా! బియ్యపు బస్తాను నేరస్థునిగా నెవరును చూడరు. పేదవాని గంపయే అనుమానమునకు పాత్రమైనది. దస్త్రముల నడుమ జీవితము గడపిన మాకొక సంగతి తెలియును: కాగితముపై వస్తువును నిషేధించుట సులభము, మనుష్యుని నడవడిని విచారించుట కష్టము.

తాగుడు వలన కొంపలు కూలుట లేదా యని అడుగవచ్చును. కూలుచున్నవి, ఆ దుఃఖమును ముందుగా ననుభవించునది పూలేరు స్త్రీయే. అయితే ఆమె గంపను లాగికొనుట ఆమె కన్నీరు తుడుచుట కాదు. ఉన్న కూటిని గూడ తీసికొనుటయే యగును. అదిలాబాదు ప్రాంతపు ఉట్నూరులో ఆదివాసి స్త్రీలు ఈ పూలతోనే లడ్డూలు చేసి అమ్ముచున్నారు. పూవు ఒక్కటే, చేయి మారగా ఫలము మారినది.

ఏరువారికిని ధర్మము కలదు. పూలు కనబడుటకై చెట్టుక్రింది ఆకులకు నిప్పు పెట్టుట కొన్నిచోట్ల ఆచారము. ఆ మంట అడవిని, లేత మొక్కలను దహించును. అదియు చేతి దోషమే. చీపురుతో నూడ్చిన శ్రమ హెచ్చు, పాపము లేదు.

2006 నాటి అటవీహక్కుల చట్టము ఇట్టి అడవిఫలసాయముపై అడవివాసులకు హక్కు నొసగినది. అది దయ కాదు, న్యాయము. చెట్టు వడ్డించిన విస్తరిని తన్నక, తప్పు చేసిన చేతినే పట్టుకొనుట ధర్మమని మా నమ్మకము.