ఛీఫ్ చెవిన పడే మాట

మన ఆసుపత్రుల్లో అభ్యంతరం ఎప్పుడూ అభ్యంతరంలా వినిపించదు. “ఎడమ కాలేనా సార్?” అని థియేటర్ సిస్టర్ అడిగిందంటే ఆమెకు తెలియక కాదు, కేస్ షీట్‌లో కుడి అని చూసింది గనక. “పాపకు కూడా ఇదే డోసా మేడమ్?” అని హౌస్‌సర్జన్ నసిగితే, డోసు ఎక్కువైందనే. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని వింటూ పెరిగినవాళ్లం కదా, కళ్లెదుట తప్పు కనబడినా సందేహంగానే విన్నవించుకుంటాం.

దానికి ఛీఫ్ ఏమంటారన్నది అసలు సంగతి. “సర్వీసులో చేరి ఎన్నేళ్లయింది నీకు?” అన్నారంటే ఆ సిస్టరే కాదు, ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ మళ్లీ నోరు తెరవరు. “ఆగండి, చూద్దాం” అన్నారంటే ఆ యూనిట్‌కు మరో నాలుగు జతల కళ్లు వచ్చినట్టే. పీజీగా వెనక వరసలోనూ, తర్వాత ఛీఫ్‌గా ముందు వరసలోనూ రౌండ్స్ తిరిగిన నాకు ఆరోగ్యరంగంలో నాయకత్వం అనగానే గుర్తొచ్చేది ఈ రెండు జవాబులే.

1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. కలిసికట్టుగా పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. లెక్క తిరగబడింది. మంచి బృందాల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ పొరపాటు జరిగితే భయపడకుండా చెప్పుకుంటున్నారని ఆమెకు తర్వాత అర్థమైంది. ఇది తెలిసినప్పటినుంచి “మా వార్డులో ఏ సమస్యా లేదు సార్” అని ఎవరైనా గర్వంగా చెబితే నాకు కాస్త భయమేస్తుంది.

2001లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి ఐసీయూలో పీటర్ ప్రోనోవోస్ట్ అనే డాక్టరు ఒక చిన్న పట్టిక రాశారు. పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ వేసేటప్పుడు చేయాల్సిన అయిదు పనులు: చేతులు కడుక్కోవడం, రోగి చర్మాన్ని క్లోర్‌హెక్సిడైన్‌తో శుభ్రం చేయడం, ఒళ్లంతా స్టెరైల్ గుడ్డ కప్పడం, గౌను, మాస్కు, గ్లౌజులు వేసుకోవడం, లైన్ వేశాక స్టెరైల్ డ్రెస్సింగ్ కట్టడం. ఇందులో ఏ విద్యార్థికీ తెలియనిది లేదు. కొత్తదల్లా ఒకటే. డాక్టరు ఏ ఒక్కటి వదిలేసినా ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు, యాజమాన్యం ఆమె వెనక నిలబడింది. తర్వాత మిషిగన్ రాష్ట్రంలో నూరుకు పైగా ఐసీయూలు ఈ పద్ధతిని పాటిస్తే, మూడు నెలల్లోనే కనీసం సగం చోట్ల లైన్ ఇన్ఫెక్షన్లు సున్నాకు దిగాయి. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. పట్టికను ఎవరైనా జిరాక్స్ తీసుకోవచ్చు. నర్సు చేయెత్తితే ప్రొఫెసర్ ఆగడాన్ని మాత్రం పైనున్నవాళ్లే అలవాటు చేయాలి.

వియన్నా డాక్టరు సెమ్మెల్‌వైస్ కథను అందరూ మేధావి విషాదంగా చెబుతారు. నాకది ఒక ఛీఫ్ చెవిన పెట్టని మాట కథగా తోస్తుంది. వియన్నా ప్రసూతి ఆసుపత్రి మొదటి విభాగంలో 1846లో నూటికి పదకొండు మంది తల్లులు చనిపోయారు. మరుసటి ఏడాది సెమ్మెల్‌వైస్ క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించడం మొదలుపెట్టాక, 1848 నాటికి అది నూటికి ఒకరి కంటే కాస్త ఎక్కువకు తగ్గింది. ఆయన అప్పటికి అసిస్టెంటు మాత్రమే. విభాగాధిపతి యోహాన్ క్లైన్ ఒప్పుకోలేదు, 1849లో సెమ్మెల్‌వైస్ పదవిని పొడిగించనూ లేదు. లెక్కలు క్లైన్ విభాగంలోనివే, బతికిన తల్లులూ ఆ విభాగంలోని వాళ్లే. కావలసిందల్లా కింది ఉద్యోగి మాట నిజమని ఒప్పుకోవడం.

అలాగని ఆసుపత్రిలో అన్నీ చర్చించి చేస్తామంటే కుదరదు. గుండె ఆగిన రోగి మంచం చుట్టూ ఒక్క గొంతే ఆజ్ఞలివ్వాలి. అయితే అక్కడ కూడా శిక్షణ ఏం నేర్పుతుందో చూడండి. “అడ్రినలిన్ ఒక మిల్లీగ్రామ్” అని లీడర్ అంటే, మందు ఎక్కించే మనిషి అదే మాట పైకి తిరిగి చెప్పాలి. విన్నానని తెలపడానికే కాదు, ఆజ్ఞలో తప్పుంటే దొరకడానికి కూడా. క్షణం తీరికలేని చోట కూడా కింది గొంతుకు చోటుంచారు. తీరిగ్గా సాగే రౌండ్స్‌లో ఉంచలేకపోవడానికి మనకు సాకేముంది?

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన సర్జికల్ చెక్‌లిస్ట్‌లో, కోత పెట్టేముందు థియేటర్‌లో ఉన్నవాళ్లంతా తమ పేరు, పని చెప్పుకోవాలని ఉంది. రోజూ చూసుకునేవాళ్లకు ఈ తంతు ఎందుకని నవ్వుకుని, టిక్కు పెట్టి దాటేయడం తేలిక. ఒకసారి నోరు తెరిచి పేరు చెప్పిన మనిషికి రెండోసారి నోరు తెరవడం సులువవుతుందన్నదే అందులోని కిటుకు.

ఏదైనా ఆసుపత్రిలో నాయకత్వం ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేను సూపరింటెండెంట్ గదికి వెళ్లను. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సును పక్కకు పిలిచి, “పెద్ద డాక్టర్ని ఎప్పుడైనా ఆపావామ్మా?” అని అడుగుతాను. అవునంటే ఇంకో ప్రశ్న: “మర్నాటి నుంచి నీకు వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయా?” ఉపన్యాసాల్లో ఏం చెప్పినా, ఛీఫ్ అసలు స్వభావం డ్యూటీ రోస్టర్‌లో బయటపడుతుంది.