ఎండను భరించడం ఆరాధన కాదు



దైవప్రవక్త (స) ఒకరోజు ప్రసంగిస్తూ, నిలబడి ఉన్న ఒక వ్యక్తిని చూశారు. ఆయన అబూ ఇస్రాయీల్ అనీ, కూర్చోకుండా, నీడకు పోకుండా, మాట్లాడకుండా ఉపవాసం ఉంటానని మొక్కుకున్నారనీ సహచరులు తెలిపారు. మాట్లాడమనీ, నీడకు వెళ్ళమనీ, కూర్చోమనీ, ఉపవాసం మాత్రం పూర్తిచేయమనీ ఆయన (స) ఆదేశించారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. శరీరాన్ని ఊరికే హింసించుకోవడంలో పుణ్యం లేదు. శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానతు.

'మనది సముద్రతీరం, ఎండ అంతగా ఉండదు' అని శ్రీకాకుళం, విజయనగరం వాసులు ధీమా పడకూడదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మన ఉక్కపోతలోని ప్రమాదం అదే. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేలమంది, 2015లో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు బలయ్యారు. భూమి వేడెక్కేకొద్దీ ఈ ముప్పు పెరుగుతోంది. 2024 హజ్‌లో 1,300 మందికి పైగా యాత్రికులు మరణించారు. వారిలో అత్యధికులు అనుమతి లేక, నీడా వసతీ లేకుండా ఎండలో చాలా దూరం నడిచినవారేనని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది.

ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్ నమాజును కాస్త చల్లబడ్డాక చేయమని దైవప్రవక్త (స) బోధించారు. నమాజు విషయంలోనే ఇంత వెసులుబాటు ఉంటే, మన ఇంటి శ్లాబు పని నమాజు కన్నా గొప్పదా? మిట్టమధ్యాహ్నం కూలీని ఎండలో నిలబెట్టే యజమాని రేపు అల్లాహ్ ముందు ఏమని జవాబిస్తాడు? ఫజర్ తర్వాత పని మొదలుపెట్టించండి, పదకొండుకల్లా ఆపించండి, అసర్ తర్వాత కొనసాగించండి. కూలి మాత్రం కోయకండి. నష్టం కొంత మనం భరిద్దాం. కూలీకి ఆ ఎంపిక లేదు.

ఎవరైనా ఒళ్ళు కాలిపోతూ, తడబడుతూ మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చండి, 108కి ఫోన్ చేయండి, ఒంటిని చల్లటి నీళ్ళతో తడిపి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. ఉపవాసి ప్రాణానికి ముప్పు ఉంటే ఉపవాసం విరమించాలి. రమజాన్ ఉపవాసమైతే తర్వాత ఖజా చేసుకోవచ్చు.

నీళ్ళివ్వడం ఎంతో గొప్ప దానమని హదీసులు తెలుపుతున్నాయి. మస్జిదు గుమ్మం ముందు ఒక చలివేంద్రం పెట్టండి. దాహానికి మతం లేదు. రేకుల ఇంట్లో ఒంటరిగా ఉన్న పొరుగింటి ముసలమ్మను మధ్యాహ్నం ఒకసారి పలకరించండి.

అల్లాహ్ మనందరికీ ఇతరులకు నీడనిచ్చే సద్బుద్ధినీ, ప్రళయదినాన తన నీడనూ ప్రసాదించుగాక! ఆమీన్.