మునిగిన విహారం, మనం తాగే నీరు

నాగార్జునకొండ మాట వస్తే మన సాహిత్య మిత్రుల గొంతు బరువెక్కుతుంది. అంతటి బౌద్ధ విహారాలను నీట ముంచుకున్నామే అని వాపోతారు. ఆ దుఃఖంలో నేను పాలుపంచుకోలేను. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట విలువ నల్లగొండ, గుంటూరు రైతులకు తెలుసు. బాగ్ లింగంపల్లిలో కూచుని ఇది రాస్తున్న నాకూ తెలియాలి. 2004 నుంచి అక్కంపల్లి మీదుగా హైదరాబాదుకు వస్తున్న కృష్ణ నీరు ఆ జలాశయానిదే. ఆ నీరు తాగుతూ ఆనకట్టను తిట్టడం నిజాయితీ అనిపించుకోదు.

అయినా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన పురావస్తుశాఖ ఆ లోయను తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండమీద, అనుపులో తిరిగి నిలిపారు. మెచ్చదగిన పని. అదే లోయలో పుల్లారెడ్డిగూడెం అనే పల్లె కూడా ఉండేది. మన విలాపాలలో దానికి ఒక వాక్యమైనా దక్కిందా? నాకు కనబడలేదు. రాయికున్నపాటి విలువ గుడిసెకు ఎందుకు లేకపోయింది?

విహారాలు మాత్రం ఎవరి సొమ్ముతో లేచాయి, పోతే పోనీ అంటారు కొందరు. నిజమే, మహాచైత్యం కట్టించిన చాంతిసిరి వీరపురుషదత్తుడి మేనత్త. నేనూ చాలాకాలం అలాగే వాదించాను. తర్వాత ఉపాసిక బోధిసిరి శాసనం చదివాను. మూడో శతాబ్ది నాటిది. దాత బంధువుల పేర్లన్నీ అయ్యాక, పని చేయించిన భిక్షువుల పేర్లయ్యాక, చిట్టచివర రాతిపనివాడి పేరుంది: విధికుడు. ఒక్క పేరుతో ఆనాటి సమాజం సమసమాజమైపోదు సుమా! కాని ఆ పేరు అక్కడ ఉంది.

ఈమధ్య తరగతిలో సాగర్ కాలువల పేర్లు అడిగాను. కుడి జవహర్, ఎడమ లాల్‌బహదూర్ అని వెంటనే చెప్పారు. అది రాతి ఆనకట్ట, వేలాది కూలీలు మోసి పేర్చినది. వారిలో ఒక్కరి పేరు చెప్పండి అన్నాను. నాకూ తెలియదు. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచాడు.

"మా ముత్తాత అక్కడ రాళ్ళు మోశాడు సార్."

పేరేమిటని అడిగాను.

"ఇంట్లో అందరూ పెద్దాయన అనే అంటారు. అసలు పేరు అమ్మనడిగి చెబుతాను సార్" అన్నాడు.