ఆరో తరగతిలోనే డాక్టరు సీటు లెక్కలు వేయవచ్చా?

డాక్టరు కావాలనుకునే పిల్లలు ఎప్పటినుంచి సిద్ధం కావాలి? ప్లస్ వన్ నుంచి అని కొందరంటారు, తొమ్మిది నుంచి అని కోచింగ్ సెంటర్లవాళ్లంటారు. మన తమిళనాడులో మాత్రం ఒక చట్టం ఆరో తరగతి నుంచే లెక్క మొదలుపెడుతుంది. 2020లో వచ్చిన ఆ చట్టం ప్రకారం ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ పాఠశాలల్లో చదివి, నీట్‌లో అర్హత పొందినవాళ్లకు రాష్ట్రం నింపే మెడికల్ సీట్లలో 7.5 శాతం విడిగా ఉంచుతారు. వాళ్ల ఫీజు కూడా ప్రభుత్వమే కడుతుంది. మనది ఎయిడెడ్ బడి. అయ్యవార్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తున్నా మనం ఆ 7.5లోకి రాము.

నేను ప్లస్ టూలో ఉన్నాను, నా లెక్క అయిపోయింది. మా చెల్లెలు ఇప్పుడు అయిదో తరగతి. అందుకే మా ఇంట్లో నెల రోజులుగా ఇదే మాట. నాయన అనేది ఇది: "గవర్నమెంటు బడిలో వేస్తాము. సాయంత్రం కోచింగ్ పెట్టిస్తాము. ఎనిమిదేళ్ల తర్వాత పనికొచ్చేది ఆ సర్టిఫికెట్టే కదా, ఇప్పుడే చూసుకోవాల." ఇందులో అబద్ధం లేదు, చట్టవిరుద్ధం ఏమీ లేదు. అయినా నాకు ఎక్కడో గుచ్చుకుంటోంది. ఎందుకో ఆలోచించి రాస్తున్నాను.

ముందు ఆ సీట్లు ఎవరికోసం వచ్చాయో చూడాలి. 2017లో మన రాష్ట్రంలో నీట్ అమలయ్యాక ప్రభుత్వ బడుల నుంచి మెడికల్ కాలేజీకి వెళ్లేవాళ్లు చాలా తక్కువైపోయారు. జస్టిస్ కలైయరసన్ సంఘం దీన్ని పరిశీలించి 10 శాతం ఇవ్వమని సిఫారసు చేసింది, ప్రభుత్వం 7.5 శాతంగా ఖాయం చేసింది. 2020లో మొదటిసారి ఆ సీట్లు పొందినవాళ్లు ఆరో తరగతిలో చేరేనాటికి ఈ చట్టమే లేదు. వాళ్లెవరూ సీటు కోసం ఆ బడిలో చేరలేదు. దగ్గరగా ఉందని, వేరే దారి లేదని చేరారు. దారి లేనివాళ్లకోసం పెట్టిన తలుపు అది. మనం దాన్ని ముందే తెలుసుకుని, ఏడేళ్లు పథకం వేసుకుని అందులోంచి వెళ్తే దాన్ని ఏమనాలి?

మా వీధి చివర పూలతోటల్లో కూలికి పోయేవాళ్ల ఇంట్లో ఒక పాప ఉంది. మా చెల్లెలి ఈడే. ఆ పాప ఎలాగూ ప్రభుత్వ బడికే పోతుంది. సాయంత్రం కోచింగ్ ఉండదు, తమ్ముణ్ణి ఎత్తుకుని ఉంటుంది. 7.5 శాతమంటే వంద సీట్లకు ఏడో ఎనిమిదో. ఆ ఏడెనిమిదిలో మా చెల్లెలు ఆ పాపతోనే పోటీ పడాలి.

నేను ఈ మాట అంటే నాయన ఊరుకోలేదు. "కాస్త చదువుకున్నోళ్లంతా ప్రభుత్వ బడి వదిలేసి పోతే దాన్ని పట్టించుకునేది ఎవరు? మేము చేరితే బడికి మంచిదే" అన్నారు. ఈ వాదంలో బలముంది. అడిగే తల్లిదండ్రులున్న బడిలో నీళ్లూ లాబూ బాగుపడతాయి. కానీ దీనికి ఒక పరీక్ష ఉందనుకుంటాను. మనం బడి కమిటీ సమావేశానికి పోతామా, అక్కడి సైన్సు లాబు గురించి అడుగుతామా? లేక చదువంతా కోచింగ్‌లో పెట్టి, బడికి హాజరు వేయించుకోవడానికి మాత్రం పంపుతామా? మొదటిదైతే నాకు అభ్యంతరం లేదు. రెండోదైతే మనం వాడుకుంటున్నది బడిని కాదు, బడి పేరును.

ఇంకో సంగతి. ఇంత దూరం పథకం వేస్తే అది నిలుస్తుందా? 2010లో ఆరులో చేరినవాళ్లను తీసుకోండి. అప్పుడు మన రాష్ట్రంలో మెడికల్ సీటుకు ప్రవేశపరీక్ష లేదు, పన్నెండో తరగతి మార్కులే ఆధారం. వాళ్లు పన్నెండు రాసేసరికి 2017, నీట్ వచ్చి కూర్చుంది. ఏడేళ్లు ఒక దానికి సిద్ధమై ఇంకొకటి రాశారు. మా చెల్లెలు రాసేనాటికి ఏ నియమం ఉంటుందో నాయన ఎలా చెప్పగలరు? నీట్ రాయాలంటే ఆ ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. చెల్లెలికి ఇప్పుడు పదేళ్లు. ఏమవుతావే అని అడిగితే మొన్న కండక్టరు అంది, నిన్న టీచరు అంది. డాక్టరు అని ఒక్కసారీ అనలేదు.

ముందుచూపే తప్పని నేననడం లేదు. నేను పదో తరగతి దాకా తెలుగులో చదివాను. నీట్‌కు తెలుగు ప్రశ్నపత్రం ఉంది కానీ దాన్ని ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు, మన దగ్గర ఇవ్వరు. కణజాలం, కిరణజన్య సంయోగక్రియ అని నేర్చుకున్నవన్నీ ప్లస్ వన్‌లో ఇంగ్లీషులో మళ్లీ నేర్చుకున్నాను. ఎనిమిదో తరగతి నుంచే రెండు మాటలూ పక్కపక్కన రాసుకుంటే ఆ కష్టం సగం తగ్గుతుంది. కమ్యూనిటీ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోవచ్చు. ఇటువంటి సిద్ధపాటు పిల్ల రేపు లాయరైనా, నర్సైనా పనికొస్తుంది. ఎవరి సీటూ తగ్గదు. పదేళ్ల పిల్ల జీవితాన్ని ఒకే సీటుకు కట్టేసే పథకం వేరు.

తెలిసినవాళ్లు పథకం వేసుకుంటారు, తెలియనివాళ్లకు పథకమే ఉండదు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఇదే. ఆ పూలతోట పాప ఇంట్లో 7.5 అనే మాటే వినలేదు. ఆ పిల్ల ఎనిమిదిలో మన బడికి మారితే ఏం పోగొట్టుకుంటుందో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. అమ్మ పోయిన ఆదివారం వాళ్లింటికెళ్లి చెప్పి వచ్చింది. నాయన ఏమీ అనలేదు.

మన బడిలో కూడా అయిదో తరగతి తల్లిదండ్రుల సమావేశంలో అయ్యవార్లు ఈ నియమం చెప్పాలని నా మనవి. చెబితే కొందరు పిల్లలను తీసుకుపోతారు. ఇప్పటికే తెలుగు సెక్షన్లో పిల్లలు తక్కువ, అది నాకూ తెలుసు. అయినా చెప్పాలి.