పాత స్పీకరుకు న్యాయమైన తూకం



ఇంటి పెద్ద కన్నుమూసిన కొన్నాళ్లకు సామాను పంచుకునే రోజు వస్తుంది. పొలానికీ బంగారానికీ ధర ఉంది కాబట్టి నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఏదో ఒకటి తేలుస్తారు. చిక్కు వచ్చేది చిన్న వస్తువుల దగ్గరే. నాన్నగారు ముచ్చటపడి కొనుక్కున్న స్టీరియో స్పీకర్ల జత ఒకటి అటకమీద ఉందనుకుందాం. పెద్దకొడుకు "పాత ఇనుప సామాన్లవాడికి వేసేయండి" అంటాడు. చిన్నకొడుకు "ఇలాంటివి ఇప్పుడు లక్ష పెట్టినా దొరకవు" అంటాడు. ఇద్దరిలో ఒక్కరైనా వాటిని విప్పి చూడలేదు, పది నిమిషాలు కూర్చుని వినలేదు. తీర్పు మాత్రం చెప్పేశారు!

ఒకరి తీర్పు విసుగులోంచి వచ్చింది, మరొకరిది ప్రేమలోంచి వచ్చింది. రెండూ విచారణ లేని తీర్పులే. మనకు ఇష్టమైన దాని విలువను మనమే న్యాయంగా తేల్చగలమా? ఈ ప్రశ్నను ఆ స్పీకర్ల జత దగ్గరే కూర్చుని కాసేపు ఆలోచిద్దాం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఇలాంటి జతలు ఇంకా కొన్ని ఇళ్లలో కనిపిస్తాయి. కలకత్తాలో 1970లో మొదలైన సోనోడైన్ సంస్థవి కొన్ని, ఫిలిప్స్‌వి కొన్ని, గల్ఫ్‌కు వెళ్లినవారు తెచ్చిన జపాను సెట్లతో వచ్చినవి కొన్ని. పేర్లు వేరైనా లోపలి పని ఒక్కటే. అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో వివరించిన పద్ధతే నేటికీ నడుస్తోంది. అయస్కాంతం మధ్య సన్నని తీగచుట్ట ఉంటుంది. దానికి కాగితపు కోను అతికించి ఉంటుంది. తీగచుట్టలో విద్యుత్తు మారినకొద్దీ కోను ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ కదలికే మనకు పాటగా, మాటగా వినిపిస్తుంది.

ముప్పై నలభై ఏళ్లలో ఇందులో పాడయ్యేది ఏమిటి? సాధారణంగా అయస్కాంతం కాదు, పెట్టె కాదు. కోను చుట్టూ ఉండే మెత్తని స్పంజి అంచు ముందుగా పోతుంది. గాలి, తేమ, వేడి తగిలి అది పదిహేను ఇరవై ఏళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది. వేసవి ఎండ 45 డిగ్రీలకు చేరే మన ప్రాంతంలో, రేకుల కింద అటకమీద ఉంచితే చెప్పేదేముంది? గుడ్డ అంచో రబ్బరు అంచో ఉన్నవి ఎక్కువ కాలం నిలుస్తాయి. తర్వాత పోయేది క్రాసోవర్‌లోని కండెన్సర్. అది లోపల ఎండిపోతే చిన్న స్పీకరు, అంటే ట్వీటర్, గొంతు తగ్గుతుంది. చూశారా? "పాడైపోయింది" అని మనం పారేయబోయిన దానిలో నిజంగా చెడింది ఒక స్పంజి చుట్టు, ఒక చిన్న కండెన్సర్ కావచ్చు.

కాబట్టి మొదటి పని విచారణ. కోను మీద రెండు చేతుల వేళ్లూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. గీరుకున్న చప్పుడు వస్తే తీగచుట్ట అయస్కాంతానికి రాసుకుంటోందన్నమాట. పెట్టెలోంచి విప్పి తీసిన పెద్ద స్పీకరుకు మీటరు పెట్టండి. వెనక 8 ఓంలని రాసి ఉంటే మీటరు ఆరు దగ్గర్లో చూపాలి. అసలు కదలకపోతే తీగ తెగింది. టార్చిలో వేసే 1.5 వోల్టుల సెల్లును ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ తాకిస్తే సాధారణంగా కోను బయటికి రావాలి. రెండు స్పీకర్లలో ఒకటి బయటికి వచ్చి మరొకటి లోపలికి పోతే, ఒకదాని తీగలు తారుమారయ్యాయి. అలాంటప్పుడు రెండూ కలిసి మోగితే తబలా, మృదంగం వంటి బరువైన శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రెండూ మంచివే అయినా చెరోవైపు లాగితే ఇంట్లో సుఖం ఉండదు కదా!

తర్వాతిది మరమ్మతు. దీనికి ఓర్పు కావాలి, ప్రేమ కావాలి. పాత జిగురును కోను చిరగకుండా తీయాలి. కొత్త అంచును సరైన కొలతకు తెప్పించాలి. "ఎనిమిది అంగుళాలది" అంటే చాలదు, కోను కొలత, చట్రం కొలత రెండూ చెప్పాలి. మన దగ్గర దొరకకపోతే హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా వెళ్లాలి. అంటించాక తీగచుట్ట సరిగ్గా మధ్యలో నిలిచిందో లేదో చూసి, రాత్రంతా కదపకుండా ఆరనివ్వాలి. ఒకవైపు అంచు మారిస్తే రెండోవైపు కూడా మార్చాలి. కండెన్సర్ కూడా అంతే, రెండువైపులా ఒకే విలువది వేయాలి. ఇంత శ్రమ లాభం లెక్క చూసేవాడు పడడు, ఆ వస్తువుమీద మమకారం ఉన్నవాడే పడతాడు. ప్రేమ లేనివాడు పెట్టె తెరవనే తెరవడు.

అయితే ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. శ్రమపడి బాగుచేసుకున్నవాడికి ఆ స్పీకరు ఎలా మోగినా అమృతంలాగే వినిపిస్తుంది. ఇది ఒకరిద్దరి బలహీనత కాదు. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1994లో ఒక పరీక్ష ఫలితాన్ని ప్రకటించారు. స్పీకర్లు తయారుచేసే ఒక పెద్ద సంస్థ ఉద్యోగులకు కొన్ని స్పీకర్లను ఒకసారి తెర వెనక ఉంచి, మరోసారి కంటికి కనిపించేలా ఉంచి వినిపించారు. స్పీకర్లు అవే, వినేవాళ్లూ వాళ్లే. అయినా కనిపించినప్పుడు వేసిన మార్కులు వేరు, కనిపించనప్పుడు వేసినవి వేరు. పెద్దగా, గంభీరంగా కనిపించిన తమ సంస్థ స్పీకర్లకు కంటితో చూసినప్పుడు ఎక్కువ మార్కులు పడ్డాయి. వాళ్లు అబద్ధం చెప్పలేదు. చెవితో విన్నామనే నమ్మారు, కాని కన్ను కూడా తీర్పులో వేలు పెట్టింది.

మరి న్యాయంగా వినడమెలా? పద్ధతులు ఉన్నాయి, మన ఇళ్లలోనూ చేయవచ్చు. మొదటిది, రెండింటికీ ధ్వని సమంగా ఉంచాలి. కొంచెం గట్టిగా మోగేది ఎప్పుడూ "బాగుంది" అనిపిస్తుంది. గొంతు పెంచినవాడి మాటే నిజమనిపించినట్టు! రెండోది, ఒక్కొక్క స్పీకరునే, ఒకే చోట పెట్టి వినాలి. రెండూ కలిసి మోగితే ఒకదాని లోపాన్ని మరొకటి కప్పేస్తుంది. మూడోది, మనకు బాగా తెలిసిన మనిషి గొంతు వినాలి. ఘంటసాల గొంతో, బాలు గొంతో ఎలా ఉంటుందో మన చెవికి తెలుసు, ముక్కుతో పాడినట్టు వస్తే వెంటనే పట్టుకుంటుంది. నాలుగోది, వినేవాడు వెనక్కి తిరిగి కూర్చోవాలి, తీగలు మార్చేది మరొకరై ఉండాలి.

ఇంకొక మాట. న్యాయమూర్తికి తన చెవి సంగతి కూడా తెలియాలి. పసివయసులో 20,000 హెర్ట్‌జ్ దాకా వినే చెవి, వయసు పెరిగేకొద్దీ సన్నని శబ్దాలను పోగొట్టుకుంటుంది. తాతకు వినిపించని తాళం మోత మనుమరాలికి వినిపిస్తుంది. పగలంతా మిర్యాలగూడ రైసుమిల్లులో యంత్రాల పక్కన నిలబడినవాడి చెవి సాయంత్రానికి కొంత మొద్దుబారి ఉండవచ్చు. అందుకే ఉదయాన్నే, ఇంటిల్లిపాదీ కలిసి వినండి. ఎవరికి వారు ముందు కాగితంమీద రాసి, తర్వాత చెప్పుకోండి. లేకపోతే ఇంటి పెద్ద మాటే అందరి మాట అవుతుంది.

ఇంతా చేశాక ఆ స్పీకర్లు మామూలువని తేలవచ్చు. అప్పుడేం చేయాలి? ఉంచుకోండి, తప్పేమీ లేదు. జ్ఞాపకానికి ఒక విలువ ఉంది, వస్తువుకు ఒక విలువ ఉంది. రెండూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాని పేరుతో అమ్మితేనే తప్పు. కోను మార్చిన స్పీకరును "కంపెనీనుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది" అని అమ్మితే, మన మమకారానికి ఎదుటివాడి చేత డబ్బు కట్టించుకున్నట్టే. ఏం మార్చామో, ఏం మార్చలేదో ఒక చీటీమీద రాసి ఇవ్వండి. కొనేవాడు ఇష్టమైతే తీసుకుంటాడు.

అలాగే మెకానిక్కు విషయం. గంటసేపు విప్పి చూసి "అమ్మా, దీనిమీద ఖర్చు పెట్టకండి, దండగ" అని నిజం చెప్పినవాడికి మనం ఎంత ఇస్తున్నాం? "ఏమీ చేయలేదుగా" అని వట్టిచేతులతో పంపితే, మరుసటిసారి అతను అక్కర్లేని మరమ్మతు చేసి బిల్లు వేయడం నేర్చుకుంటాడు. ఆ అబద్ధంలో మనకూ వాటా ఉంటుంది. మరమ్మతుకు కూలి ఉన్నట్టే నిజమైన తీర్పుకూ కూలి ఉంది.

ఇదంతా స్పీకర్లకే పరిమితమా? మన పిల్లవాడి చదువును, మన కులంవాడి నాయకత్వాన్ని, మన వీధి కుర్రవాడి నడతను మనం ఎలా తూస్తున్నాం? మనవాడి విషయంలో ధ్వని కాస్త పెంచి, పరాయివాడి విషయంలో తగ్గించి వింటున్నామేమో! ప్రేమను వదులుకోమని ఎవరూ అనరు. అది లేకపోతే ఏ విరిగిన వస్తువూ, ఏ విరిగిన మనిషీ బాగుపడరు. బాగుచేసేటప్పుడు ప్రేమతో చేద్దాం. తూకం వేసేటప్పుడు మాత్రం తక్కెడమీదనుంచి మన చెయ్యి తీసేద్దాం.