చెక్కకూ ఇనుముకూ ఒకే గది



ఇంటి వెనక ఖాళీ గదిలో చిన్న పనిశాల పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. డబ్బు చేతికి రాగానే మనసు యంత్రాల మీదికి పోతుంది. ముందు కావలసింది మాత్రం కదలని బల్ల. అది నిలబడ్డప్పుడు మణికట్టు ఎత్తుకు వస్తే చిత్రిక పట్టేటప్పుడు నడుం పట్టేయదు. బల్లకు గట్టి వైస్, పక్కన మూలమట్టం, రంపాలు, రెండు ఉలులు, ఒక ఆకురాయి. వీటితో పీటా చేసుకోవచ్చు, తలుపు గడియా సరిచేసుకోవచ్చు.

అయితే చెక్కపనీ ఇనుపపనీ ఒకేచోట సాగాలంటే కట్టుబాటు ఉండాలి. గ్రైండర్ నిప్పురవ్వ రంపపు పొట్టులో పడితే మంట వెంటనే కనిపించకపోవచ్చు. లోలోపల రాజుకుని, మనం తలుపేసి వెళ్లాక అంటుకోవచ్చు. అందుకే ముందు పొట్టంతా ఊడ్చి, తర్వాతే గ్రైండర్ ముట్టుకోవాలి. కళ్లద్దాలు తప్పనిసరి. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర మాత్రం చేతి తొడుగులు వద్దు. తిరిగే బిట్‌కు అవి చుట్టుకుంటే వేళ్లనూ లాగేస్తుంది.

ఓపికకు పనితనం ఎంత రుణపడి ఉందో, జాగ్రత్తకూ అంతే. మీరు కొనబోయే సామాన్ల చీటీలో మొదటి వరుసన చీపురు, ఇసుక బకెట్ రాసుకోండి. యంత్రాల పేర్లు ఆ తర్వాత.